‘సీటు ఎక్కడొస్తది మేడం?’: కౌన్సెలింగ్ చదవాలనుకునేవాళ్లకు

హనుమకొండలో ఎవరైనా నన్ను ఏం పని చేస్తారని అడిగితే కౌన్సెలర్‌నని చెప్తాను. చాలామంది వెంటనే అడిగేది ఒకటే: "అయితే మా బాబుకు ఈ ర్యాంకు వచ్చింది, సీఎస్‌ఈ ఎక్కడొస్తది మేడం?" మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ తర్వాత సీట్లు పంచే తతంగం. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట్లో అది ఎంసెటే. రెండో అర్థం పోలీసులది. తాగి బండి నడిపిన కుర్రాళ్లను స్టేషన్‌కు పిలిచి, తల్లిదండ్రుల ముందు నిలబెట్టి, నాలుగు చివాట్లు పెడితే తెల్లారి పేపర్లో "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అని వస్తుంది. మూడోది మొగుడూపెళ్లాల పంచాయితీ. పెద్దమనుషులు కూర్చుని "సర్దుకపో బిడ్డా" అని తీర్పు చెప్తారు, దాన్నీ కౌన్సెలింగే అంటారు.

ఈ మూడు అర్థాలతో మీరు ఉద్యోగమున్నన్నాళ్లూ కుస్తీ పట్టాలి కాబట్టి ముందే చెప్తున్నాను. ఏటా డిగ్రీ రిజల్ట్స్ రాగానే నా దగ్గర చదివిన పిల్లలు ఫోన్ చేస్తారు. "అక్కా, సైకాలజీ చేద్దామనుకుంటున్న, మంచిగుంటదా?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పి గొంతు పోయింది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

నాది పరకాల దగ్గర పల్లె. చదివింది బీఎస్సీ మ్యాథ్స్. హనుమకొండలో ఒక ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రం స్టడీ అవర్లో పిల్లలు "డౌట్ మేడం" అని వచ్చి, పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, డౌట్ ఏంటో చెప్పకుండా ఏడ్చేవాళ్లు. ఇంటెగ్రేషన్ చెప్పడం నాకు వచ్చు. ఏడుస్తున్న పిల్లతో ఏం మాట్లాడాలో రాదు. "ఊకో బిడ్డా, అంతా మంచిగైతది" అనేదాన్ని. ఏమీ మంచిగయ్యేది కాదు. 2012లో ఇగ్నో దూరవిద్యలో ఎంఏ సైకాలజీ కట్టాను.

ఏ కుర్చీ మీది?

డబ్బు కట్టకముందే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే నలుగురు వేరువేరు మనుషులను జనం ఒకే పేరుతో పిలుస్తారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యంలో ఎండీ చేసిన డాక్టర్. మందులు రాసేది ఆ డాక్టరే. మీరు ఆర్ట్స్ వైపు నుంచి వస్తే అది మీ దారి కాదు, అక్కడితో వదిలేయండి. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదైన మనిషి. ఆ కౌన్సిల్‌కు 1992 నాటి చట్టం ఉంది. ఇన్నేళ్లూ దానికి రాజమార్గం పీజీ తర్వాత 2 ఏళ్ల ఎంఫిల్. ఇప్పుడు ఎంఫిల్‌ను తప్పిస్తూ వేరే కోర్సులు తెస్తున్నారు. సీనియర్లు చెప్పిన దారి మీ ఏడాదికి ఉండకపోవచ్చు. చేరే ముందు ఆర్‌సీఐ జాబితాలో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ మీ కళ్లతో చూసుకోండి. ఒకటుండి ఒకటి లేకపోతే కట్టకండి.

మూడో కుర్చీ సోషల్ వర్కర్‌ది, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఎంఎస్‌డబ్ల్యూ, చదివినవాళ్లది. ఇంటింటికీ, ఆఫీసులకూ తిరిగే పని. పింఛను ఆగిపోయి దిగులుపడుతున్న ముసలామెకు మాటలకంటే ముందు ఆ పింఛను రావాలి కదా, దాని వెంట పడేది వీళ్లు. వరంగల్ దాటకుండా చదవాలనుకునే ఆడపిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. కాకతీయ యూనివర్సిటీలో సోషల్ వర్క్ ఉంది, ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. మాట్లాడటం కంటే తిరగడం ఇష్టమైతే ఇందులోనే సుఖపడతారు.

నాలుగోది నాది. మందు రాయను, రోగం పేరు పెట్టి సర్టిఫికెట్ ఇవ్వను. వింటాను, ఆ మనిషే తన దారి చూసుకునేలా కూర్చుంటాను, నా చేతిలో లేనిదైతే పై ముగ్గురిలో ఒకరి దగ్గరికి పంపిస్తాను. ఎప్పుడు పంపించాలో తెలియడం ఇందులో సగం చదువు. నీరసం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నిద్ర తేడా, ఇవన్నీ ఉన్న మనిషికి థైరాయిడ్ ఉండొచ్చు, రక్తం తక్కువ ఉండొచ్చు. ముందు రక్తపరీక్ష చేయించమంటాను.

డిగ్రీ, పీజీ

ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. డిగ్రీలో సైకాలజీ ఉన్న కాంబినేషన్ కావాలంటే డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు వెతకండి. ఎక్కువగా హైదరాబాద్ కాలేజీల్లోనే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు హైదరాబాద్ పంపకపోతే డీలా పడకండి, వేరే సబ్జెక్టుతో డిగ్రీ చేసి సైకాలజీ పీజీకి వచ్చినవాళ్లు నాతోసహా చాలామందిమి ఉన్నాం. తెలంగాణలో పీజీ సీట్లకు సీపీగెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. ఉస్మానియాలో సైకాలజీ డిపార్ట్‌మెంట్ పాతది, పేరున్నది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ సెంటర్ ఉంది, దాని పీజీకి సీయూఈటీ-పీజీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. అర్హతలు ఏడాదికోసారి మారుతుంటాయి, కోచింగ్ సెంటర్ కరపత్రాన్ని కాకుండా ఆ ఏటి నోటిఫికేషన్‌నే చదవండి.

నేను వచ్చిన దారిని మాత్రం ఇప్పుడు మూసేశారు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ అని ఒక చట్టం వచ్చింది. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు కూడా దాని పట్టికలో ఉన్నారు. దాని ఆధారంగా సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా నడపొద్దని 2025లో యూజీసీ యూనివర్సిటీలకు చెప్పింది, ఆ ఏడాది జూలై–ఆగస్టు అడ్మిషన్ల నుంచే. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో కూర్చుని ఎంఏ చేద్దామనుకున్న నాలాంటి టీచరమ్మలకు ఇది పెద్ద దెబ్బ. నాకు బాధే. కానీ ఎదుట ఒక మనిషి లేకుండా ఈ పని నేర్చుకోలేమన్నదీ నిజమే. ఇగ్నో పుస్తకాలు నాకు సిద్ధాంతం నేర్పాయి. పని నేర్పింది ఇంటర్న్‌షిప్పు. కాబట్టి ఎవరైనా ఫోన్ చేసి "డిస్టెన్స్‌లో సైకాలజీ పీజీ, ఈ నెలాఖరుకు కట్టేయండి" అంటే, యూజీసీ అనుమతి కాగితం చూపించమనండి.

ఇప్పటికే టీచర్‌గా ఉన్నవాళ్లకు ఇంకో దారుంది. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా: 6 నెలలు ఇంటి దగ్గర చదువు, 3 నెలలు ఎదురెదురు క్లాసులు, 3 నెలలు ఇంటర్న్‌షిప్. బడిలో పనికి అది బాగా అక్కరకొస్తుంది.

నేను చేసిన ఒక బుద్ధితక్కువ పని కూడా చెప్పాలి. ఎంఏ రెండో ఏడాదిలో, తొందరగా బోర్డు పెట్టేద్దామని ఒక సంస్థలో మూడు వీకెండ్ల కోర్సుకు 15 వేలు కట్టాను. హైదరాబాద్‌లో ఒక హోటల్ హాలు, ఏసీ, బఫే భోజనం. మూడో ఆదివారం సాయంత్రం బంగారు అంచు కాగితం మీద "మాస్టర్ కౌన్సెలర్" అని రాసిచ్చారు. ఆ మూడు వారాల్లో నేను ఒక్క మనిషి ఎదుట కూడా కూర్చోలేదు. సర్టిఫికెట్ ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, మడతపడకుండా. ఏ కోర్సుకైనా ఇప్పుడు నేనడిగే ప్రశ్నలు రెండే: ఎన్ని గంటలు నిజమైన మనుషులతో? నేను చేసింది ఎవరు చూసి దిద్దుతారు?

చదువులో ఏముంటుంది

స్టాటిస్టిక్స్ ఉంటుంది. ఆర్ట్స్ పిల్లలు దాన్ని చూసి జడుసుకుంటారు. మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ-టెస్ట్, ఈ నాలుగూ చేత్తో చేసి నేర్చుకుంటే మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. ప్రాక్టికల్స్‌లో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించడం లాంటివి సరదాగానే ఉంటాయి. ఫ్రాయిడ్, రోజర్స్, బెక్ అందరూ వస్తారు. వాళ్లలో కార్ల్ రోజర్స్‌ను మాత్రం పరీక్ష కోసం కాకుండా చదవండి. మనిషి మారడానికి ఎదుటివాడు సలహా ఇవ్వాల్సిన పనిలేదు, తీర్పు చెప్పకుండా, నటించకుండా, వాళ్ల కళ్లతో చూస్తూ కూర్చుంటే చాలని 1957లో రాశాడాయన. మొదటిసారి చదివినప్పుడు ఇదెట్లా సాధ్యమనుకున్నాను. మా ఇంట్లో సలహా ఇవ్వకుండా ఎవరూ అన్నమే తినరు.

అసలు చిక్కు ఇంకొకటుంది. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో. మీ ఎదుట కూర్చునే మనిషి తెలుగులో, అదీ మన వరంగల్, కరీంనగర్ తెలుగులో ఏడుస్తుంది. మధ్యలో పత్రికల తెలుగు ఒకటి, అది ఎవరి నోట్లోనూ ఉండదు. మొదటి సెమిస్టర్ నుంచే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో పుస్తకం తెలుగు, మూడో గడిలో మీ అమ్మమ్మ ఏమంటుందో అది. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇట్లా ఉంటుంది: యాంగ్జైటీ, ఆందోళన, బుగులు. డిప్రెషన్, కుంగుబాటు, "ఏం మనసున పడ్తలేదు". మూడో గడి తొందరగా నిండదు, నిండిన కొద్దీ తికమక కూడా. "రంది" అనే మాట తీసుకోండి. "బిడ్డ రంది పెట్టుకున్నది" అంటే బిడ్డ దూరమైన దిగులు. "అప్పుల రంది" అంటే టెన్షన్. "రందితోని మంచం వట్టింది" అంటే అది డిప్రెషనే కావొచ్చు. మూడు ఇంగ్లీషు పేజీలు ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఎవరైనా "రంది" అనగానే ఏ గడిలో వెయ్యాలా అని వెతుక్కోకుండా "ఎవరి రందమ్మా?" అని అడగండి, చాలు.

డిప్రెషన్ ఎంత ఉందో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని ఒక ప్రశ్నావళి మీ చేతికొస్తుంది. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. గత 2 వారాల్లో ఎట్లా ఉందో అడగాలి. మొదటి ప్రశ్న, పనుల మీద ఆసక్తి తగ్గిందా అని. నా ఇంటర్న్‌షిప్‌లో ఒక పల్లెటూరి అవ్వను "పనుల పట్ల ఆసక్తి లేకపోవడం ఉందా?" అని అడిగాను. "పని చెయ్యకుంటే ఎట్ల ఎల్తది బిడ్డా" అన్నది. సున్నా వేశాను. పక్కన కూర్చున్న సూపర్‌వైజర్ మేడం నా చేతిలో పెన్ను తీసుకొని అడిగింది: "అవ్వా, బతుకమ్మ పేర్చినవా ఈసారి?" అవ్వ చాలాసేపు కిందికి చూసింది. "లే. పూలు తెచ్చి ఇచ్చిన్రు. పేర్వబుద్ధి కాలే." రెండు వారాలన్నది కూడా ఆవిడకు అందలేదు. "రెండు అంగళ్ల సంది ఇట్లనే ఉందా?" అంటే వెంటనే లెక్క చెప్పింది, వాళ్లూళ్లో వారం వారం అంగడి జరుగుతుంది కాబట్టి. సున్నా కొట్టేసి 3 వేశాం. ఫారం మీద ఉన్న మాట మార్చొచ్చా అని మీకు అనుమానం రావాలి. పరిశోధనకైతే తెలుగులో ప్రమాణీకరించిన ఫారాన్నే, ఒక్క మాట మార్చకుండా వాడాలి. ఓపీలో మాత్రం ముందు ఫారం మాట చదివి, అర్థం కాకపోతే ఆ అర్థం చెడకుండా విడమరచండి. ఎట్లా విడమరిచారో పక్కన రాసి పెట్టండి.

వినడం ప్రాక్టీస్ చేయడం

క్లాసులో ముగ్గురు ముగ్గుర్ని కూర్చోబెడతారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింట్, ఒకరు చూసేవారు. నవ్వులాటగా ఉంటుంది కానీ తప్పించుకోకండి. ఇంకా కష్టమైన పని వెర్బాటిమ్. సెషన్ అయ్యాక పది నిమిషాల మాటల్ని ఉన్నదున్నట్టు గుర్తు తెచ్చుకొని రాయాలి, తర్వాత మీరన్న ఒక్కో మాట పక్కన అది ప్రశ్నో, సలహానో, వాళ్ల మాటను వాళ్లకే అందించడమో గుర్తు పెట్టాలి. నా మొదటి వెర్బాటిమ్‌లో కొంత ఇక్కడ పెడుతున్నాను. పిల్లవాడి వివరాలు మార్చాను.

"చదువు మీద మనసు పడ్తలేదు మేడం."
"ఎప్పట్నుంచి?"
"దసరా సంది."
"ఫోన్ ఏమన్నా ఎక్కువ చూస్తున్నవా?"
"హాస్టల్ల ఫోన్ ఉండది మేడం."
"ఫ్రెండ్స్‌తోని గొడవా?"
"లేదు మేడం."
"అయితే ఒక టైమ్‌టేబుల్ ఏసుకో. పొద్దున 4 గంటలకు లెయ్యి..."

నాకు నచ్చే రాశాను, టైమ్‌టేబుల్ వరకు తీసుకెళ్లానని. సూపర్‌వైజర్ "దసరా" అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి కాగితం తిరిగిచ్చింది. "దసరా సంది అన్నడు కదా. దసరాకు ఏమైందో అడిగినవా?"

వారం తర్వాత వాడు మళ్లీ వచ్చాడు. "పోయినసారి దసరా సంది అన్నవు" అని ఊరుకున్నాను. ఊరుకోవడం అంటే నిజంగా ఊరుకోవడం. గోడ గడియారం చప్పుడు వినబడింది. నా నాలిక మీదికి నాలుగు ప్రశ్నలు వచ్చి ఆగాయి. వాడు షర్టు గుండీ తిప్పుతూ చెప్పాడు: "పండుగకు ఇంటికి పోయిన మేడం. మొదటి ఏరుడు పత్తి ఎనుమాములల అమ్మి నాన్న నా ఫీజు కట్టిండు. అమ్మ చీర తీస్కోలే." నేను "పుస్తకం తెరిస్తే అమ్మ చీర యాదికొస్తుంది" అన్నాను. వాడు బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ రోజు టైమ్‌టేబుల్ ఊసెత్తలేదు. మూడు వారాలకు వాడే వేసుకొచ్చాడు, 4 గంటలకు కాదు, 6 గంటలకు.

వెర్బాటిమ్ రాసేటప్పుడు పేరు, ఊరు, కాలేజీ రాయకండి. ఆ కాగితం ఇంట్లో టీవీ మీద పెట్టకండి.

ఇంటర్న్‌షిప్ ఎక్కడ

ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి మానసిక విభాగం, డీఅడిక్షన్ సెంటర్లు, కష్టాల్లో ఉన్న ఆడవాళ్ల కోసం పెట్టిన సఖి కేంద్రాలు, హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీలు, వృద్ధాశ్రమాలు, ఎన్జీవోలు. ఎక్కడికైనా మీ డిపార్ట్‌మెంట్ ముద్రతో ఉత్తరం, రెండు ఫోటోలు, ఓపిక తీసుకెళ్లండి. మొదటి రోజే పని ఇస్తారనుకోకండి. ఓపీ బెంచీ మీద కూర్చుని చూడటమే పని అనుకోండి. రోజూ లాగ్‌బుక్ రాసి సంతకం ఆ రోజే పెట్టించుకోండి. నెలాఖరుకు పెట్టించుకుందామంటే సంతకం పెట్టే డాక్టర్ బదిలీ అయిపోతాడు. నాకు అయింది.

పుస్తకాల్లో ఉన్నట్టు ప్రశాంతమైన గది, రెండు సోఫాలు ఉండవు. కోడలితో అత్త, ఆడబిడ్డ, ఎవరో చిన్నమ్మ వస్తారు. మీరు కోడలిని అడిగితే అత్త జవాబు చెప్తుంది. వాళ్లను బయటికి వెళ్లమంటే అలుగుతారు, తర్వాత ఆ పిల్లను మళ్లీ తీసుకురారు. నేను చేసేది ఇది: ముందు అత్తను మర్యాదగా ఐదు నిమిషాలు అడిగి వింటాను, తర్వాత "అత్తమ్మా, మీరు పోయి ఓపీ చీటీ రాయించుకోని రండి, లైను పెద్దగుంది" అంటాను. లైను నిజంగానే పెద్దగా ఉంటుంది.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో, మేడారంలో పూనకాలు చూసి పెరిగినవాళ్లం. "మా ఆమెకు దేవుడు వస్తడు" అని తీసుకొస్తే వెంటనే పెద్ద ఇంగ్లీషు పేరు రాయకండి. జాతరలోనే వస్తుందా, పొయ్యి ముందు కూడా వస్తుందా? వచ్చి పోయాక నిమ్మళంగా ఉంటుందా, భయంగా ఉంటుందా? ఇంట్లో పనికి, పిల్లలకు అడ్డమవుతోందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 కూడా, ఆ సంస్కృతిలో ఆచారంగా జనం ఒప్పుకున్న పూనకాన్ని జబ్బుగా లెక్కపెట్టవద్దనే చెప్తుంది. జాతరలో దేవుడొచ్చే శివసత్తిని పేషెంటును చేయడం తప్పు. పొయ్యి ముందు స్పృహ తప్పి పడిపోయే మనిషిని దేవుడని వదిలేయడం అంతకంటే తప్పు, అది ఫిట్స్ కావొచ్చు.

జగిత్యాల, సిరిసిల్ల వైపు చేస్తే గల్ఫ్ ఇళ్లు తగులుతాయి. భర్త దుబాయిలో, ఇల్లు, అప్పు, అత్తమామలు, బీడీలు అన్నీ ఆమె మీద. ఆమెకు "మీకోసం మీరు టైమ్ కేటాయించుకోండి" అని పుస్తకం సలహా ఇస్తే మీ ముఖం మీదే నవ్వుతుంది. బీడీలు చుట్టేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారో, వాళ్లలో ఎవరితో మనసు విప్పుతుందో అడగండి.

ఇది మాత్రం తప్పు చేయకూడని చోటు

చెప్పింది బయటికి పోదని మాటిస్తాం. ఆ మాటకు హద్దులున్నాయని మొదటి రోజే చెప్పాలి. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. "మా ఇంటి పరువు" అని కాళ్లు పట్టుకున్నా సరే.

రెండోది చావు మాట. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడి అందరూ చుట్టూ తిరుగుతారు. అది అపోహ. సూటిగానే అడగాలి: "చనిపోవాలని అనిపిస్తోందా?" అవునంటే ఉలిక్కిపడకండి, "ఛీ, అట్ల అనొద్దు" అనకండి. ఎట్లా అనుకుంటున్నారో, ఇంట్లో దానికి వీలైనవి ఏమున్నాయో అడగండి. మన వ్యవసాయం ఇళ్లలో పురుగుల మందు డబ్బా గడప దగ్గరే ఉంటుంది. నమ్మకమైన మనిషిని పిలిపించి, ఆ డబ్బాను ఇల్లు దాటించి తాళం వేయించే వరకు నేను కుర్చీ నుంచి లేవను. మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తాను. టెలీ మానస్ 14416, ఎప్పుడు చేసినా ఎత్తుతారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది. కాగితం మీద రాసి ఇవ్వండి, ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వండి. పోలీసు కేసవుతుందని దాచే ఇళ్లుంటాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే చట్టం భావిస్తుంది, శిక్షించదు. ఆ ఒక్క మాట చెప్తే చాలా ఇళ్లలో నోళ్లు తెరుచుకుంటాయి.

ఉద్యోగం

ప్రభుత్వంలో ఐసీటీసీ, సఖి, యుక్తవయసు పిల్లల ఆరోగ్య కార్యక్రమాల్లో కౌన్సెలర్ పోస్టులుంటాయి. చాలావరకు కాంట్రాక్టు. ఆడవాళ్లకు, పిల్లలకు అండగా పోలీసులు నడిపే భరోసా కేంద్రాలున్నాయి. ప్రైవేటులో స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు. జీతం మొదట్లో చిన్నది. ఇంట్లో "ఇంత చదివి ఇంతేనా" అంటారు, సిద్ధంగా ఉండండి.

2014లో నా మొదటి కౌన్సెలర్ ఉద్యోగం ఒక ప్రైవేటు కాలేజీలో, నెలకు 11 వేలు. మార్చి దాకా బాగానే ఉంది. ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ పిలిచి పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్ల లిస్టు చేతిలో పెట్టాడు. రోజుకు 60 ఫోన్లు, నెలకు నాలుగు అడ్మిషన్లు తేవాలి. "మీరు కౌన్సెలర్ కదా మేడం, పేరెంట్స్‌తోని మాట్లాడుడే కదా!" తిరిగి తిరిగి మళ్లీ ఎంసెట్ అర్థం దగ్గరికే వచ్చిపడ్డాను. అందుకే ఇంటర్వ్యూలో ఇవి అడగండి: తలుపు ఉన్న గది ఇస్తారా? పిల్లల రికార్డులు ఎవరి దగ్గరుంటాయి, ప్రిన్సిపాల్ చదువుతాడా? అడ్మిషన్ల టార్గెట్ ఉందా? మూడోదానికి నవ్వి ఊరుకుంటే, ఉన్నట్టే.

సొంతంగా పెట్టుకునే ముందు కనీసం రెండు మూడేళ్లు ఎవరి కిందనైనా పని చేయండి. బోర్డు మీద మీకున్న డిగ్రీ మాత్రమే రాయండి. ఆర్‌సీఐ నంబర్ లేకుండా క్లినికల్ అనే మాట రాయకండి. ఫీజు ముందే చెప్పండి, లేకపోతే నాకైనట్టు అవుతుంది. ఒక పెద్దాయన గంట మాట్లాడి, లేచి, 500 అనగానే ఆగిపోయాడు. "గోళీ ఇయ్యలే, సూది ఎయ్యలే. మాట్లాడింది కూడా నేనే కదమ్మా?" నిజమే, మాట్లాడింది ఆయనే. 200 ఇచ్చి వెళ్లాడు. తర్వాతి వారం మిగతా 300 పట్టుకొని వచ్చాడు.

మీ సంగతి కూడా చూసుకోండి. మొదటి ఏడాది నేను విన్నవన్నీ పరకాల బస్సులో ఇంటికి మోసుకుపోయేదాన్ని, అన్నం సయించేది కాదు. ఇప్పుడు నెలకోసారి మేం నలుగురు కౌన్సెలర్లం ఒకరింట్లో కూర్చుని, పేర్లు చెప్పకుండా, ఎక్కడ ఇరుక్కున్నామో చెప్పుకుంటాం. మీ పని చూసి దిద్దే సూపర్‌వైజర్‌కు డబ్బు కట్టగలిగితే కట్టండి, ఆ హోటల్ బఫే కోర్సుకంటే మేలు.

ఇక గదిలో రెండు వస్తువులు. గడియారాన్ని క్లయింట్ కుర్చీ వెనక గోడకు పెట్టండి, మీ చేతి వాచీ చూసుకుంటే వాళ్లు మాట ఆపేస్తారు. టిష్యూ డబ్బా కంటే ముందు నీళ్ల చెంబు పెట్టండి. మన ఆడవాళ్లు కళ్లు కొంగుతోనే తుడుచుకుంటారు, తర్వాత నీళ్లు అడుగుతారు.

నోట్‌బుక్ మాత్రం ఆపకండి. నాది ఇప్పుడు నాలుగోది. మొన్న మంగళవారం కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి వచ్చింది. గంటలో ఒకే మాట మూడుసార్లు అన్నది: "కడుపుల దేవినట్టయితంది." రాత్రి మూడో గడిలో రాసుకున్నాను. దాని ఎదురుగా మొదటి రెండు గడులూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.